పేషెంటు తరఫున ఎవరున్నారు? పెద్దవాళ్ల వైద్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ పెద్దాసుపత్రి వరండాలోనైనా కాసేపు కూర్చుంటే ఈ కేక వినబడుతుంది: "పేషెంటు తరఫున ఎవరున్నారు?" చీటీ రాయించడం, రక్తం శాంపిల్ ల్యాబ్‌లో ఇచ్చి రావడం, డాక్టరు చెప్పింది గుర్తుపెట్టుకోవడం, కాగితాల మీద సంతకం పెట్టడం, ఇవన్నీ ఆ తరఫు మనిషి పనులే. అలాంటి మనిషి లేని ముసలివాళ్లు చేతిలో కార్డు ఉన్నా గంటల తరబడి ఆ బెంచీ మీదే ఉండిపోతారు. మా అమ్మకు ఆరేళ్లు నేను తరఫు మనిషిగా ఉన్నాను. ఆమె పోయాక మా వీధిలో, మా చుట్టాల్లో ఎవరికి అవసరమైనా వెళ్తున్నాను. నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ రాశాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకున్నాను.

మా నాన్నకు 72 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరయ్యారు. రేషన్ కార్డు లేదు. ప్రభుత్వ పథకాలేవీ మాకు వర్తించవు కదా?

వర్తిస్తాయి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా, ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఇస్తారు. 2024 అక్టోబర్ 29న ఇది మొదలైంది. ఈ కార్డును ఆయుష్మాన్ వయ వందన కార్డు అంటారు. సొంతిల్లు ఉందా, పిల్లలు ఏం సంపాదిస్తున్నారు అని ఎవరూ అడగరు. షుగరు, బీపీ, గుండె జబ్బు ముందు నుంచే ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది.

కావలసింది ఆధార్ ఒక్కటే. వయసు కూడా ఆధార్‌లో ఉన్నదే చూస్తారు. చిక్కు అక్కడే వస్తుంది. మన పెద్దవాళ్లలో చాలామంది పుట్టిన తేదీ అప్పట్లో అంచనాగా రాయించిందే. నిజంగా 74 ఏళ్లున్న మనిషికి ఆధార్‌లో 67 ఉంటే కార్డు రాదు. కాబట్టి ముందు ఆధార్ తీసి చూడండి. తప్పుంటే, ఒంట్లో బాగున్న రోజుల్లోనే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి సరిచేయించండి. ఐసీయూ బయట నిలబడి చేయించగలిగే పని కాదది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు అదో ఇదో ఒకటే ఎంచుకోవాలి. ఈఎస్ఐ గానీ ప్రైవేటు ఇన్సూరెన్స్ గానీ ఉన్నవాళ్లు దాన్ని వదులుకోకుండానే ఇది తీసుకోవచ్చు.

మాకు ఆరోగ్యశ్రీ ఉంది. మళ్లీ ఈ కార్డెందుకు?

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో నడుస్తోంది. 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఇది ఇంటిల్లిపాదికీ కలిపి ఇచ్చేది. వయ వందన కార్డులో వచ్చే 5 లక్షలు మాత్రం ఆ ఇంట్లో 70 దాటినవారికే. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఆ ఇద్దరికీ కలిపి 5 లక్షలు. తన వైద్యానికే అంతా అయిపోతే కొడుకు ఆపరేషన్‌కు ఏమీ మిగలదేమోనని తల్లి తన మోకాలి నొప్పి దాచుకోనక్కరలేదు. అలా దాచుకున్న తల్లులను నేను చూశాను.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా పనిచేస్తుంది. బెంగళూరులోనో పుణేలోనో కూతురి దగ్గర ఉన్న అమ్మకు అక్కడ పథకంలో ఉన్న ఆసుపత్రిలోనే చూపించుకోవచ్చు.

వేలిముద్రలు పడటం లేదు. ఫోన్ నంబరు కూడా ఎప్పుడో మారిపోయింది. ఏం చేయాలి?

పొలం పనులు చేసినవాళ్లకి, బట్టలు ఉతికి అంట్లు తోమిన ఆడవాళ్లకి వేళ్ల గీతలు అరిగిపోతాయి. "ముద్ర పడలేదు, రేపు రండి" అని వెనక్కి పంపితే ఊరుకోకండి. ఓటీపీ, కంటిపాప, ముఖం ఫోటో ద్వారా కూడా ధ్రువీకరించవచ్చు. ఆయుష్మాన్ యాప్‌లో ముఖం ద్వారా చేసే పద్ధతి ఉంది. మీ ఫోన్‌లో ఆ యాప్ వేసుకుని ఇంట్లో మంచం పక్కనే కూర్చుని చేయించవచ్చు. అది రాకపోతే మీ సేవకో సచివాలయానికో వెళ్లండి, లేదంటే పథకంలో ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్య మిత్రను (పథకం పనుల్లో రోగులకు సాయం చేసే ఉద్యోగిని) అడగండి. ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు కలపడం మాత్రం ఈ వారమే చేయించండి. సగం తిప్పలు అక్కడే తీరతాయి.

కార్డుంటే అన్నీ ఉచితమేనా?

కాదు. ఆసుపత్రిలో చేరితేనే ఇది వర్తిస్తుంది. చేరడానికి ముందు 3 రోజుల ఖర్చు, ఇంటికొచ్చాక 15 రోజుల మందులు కూడా ఇందులోకి వస్తాయి. నెలనెలా వేసుకునే బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, ఓపీ ఫీజు రావు. పెద్దవాళ్ల ఇళ్లలో నిజంగా నడుము విరిచేది ఈ నెలవారీ ఖర్చే. అందుకని వాటిని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, పల్లె దవాఖాన, బస్తీ దవాఖానల్లో గానీ, విలేజ్ క్లినిక్‌లో గానీ తీసుకోండి. బీపీ, షుగరు మాత్రలు అక్కడ ఉచితం. అక్కడ దొరకనివి జన్ ఔషధి దుకాణంలో అడగండి. మందు అదే, బ్రాండు పేరు ఉండదు, ధర బాగా తక్కువ.

"ఈ జబ్బుకు కార్డు పనిచేయదు, డిపాజిట్ కట్టండి" అంటున్నారు. నిజమేనా?

ఒక్కోసారి నిజమే, ఒక్కోసారి కాదు. పథకంలో ఉన్న ఆసుపత్రైనా అన్ని విభాగాలకూ అనుమతి ఉండకపోవచ్చు. కాబట్టి బిల్లింగ్ కౌంటర్ దగ్గర వాదించకండి, ఆరోగ్య మిత్ర డెస్క్ ఎక్కడుందో అడగండి. పథకంలో ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఆ మనిషి ఉండాలి. జబ్బు పేరు చెప్పి, ఆ చికిత్స జాబితాలో ఉందో లేదో వాళ్ల కంప్యూటర్‌లో చూపించమనండి. లేదంటే, "లేదని ఒక కాగితం మీద రాసివ్వండి" అని నెమ్మదిగా అడగండి. రాసివ్వమనగానే జవాబు మారిపోవడం నేను రెండుసార్లు చూశాను.

అప్పటికీ తేలకపోతే అక్కడి నుంచే ఫోన్ చేయండి. రాష్ట్ర పథకాలకు 104, ఆయుష్మాన్‌కు 14555. ఫిర్యాదు నంబరు తీసుకుని రాసుకోండి. ఎవరితో మాట్లాడారు, ఎన్ని గంటలకు మాట్లాడారు అన్నది కూడా రాయండి. పథకం కింద చేర్చుకున్నాక విడిగా డబ్బు తీసుకుంటే రసీదు అడగండి. ఆ రసీదే మీ ఫిర్యాదుకు ఆధారం.

అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే కార్డు, డబ్బు చేతిలో లేకుండా వెళ్తే చేర్చుకుంటారా?

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు వైద్యం చేయాలి, కాగితాలు తర్వాత. సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో, ప్రాణం కాపాడటం ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రతి ఒక్కరి బాధ్యత అని చెప్పింది. 108కి ఫోన్ చేయండి. ఆటో వెతుక్కుంటూ నిమిషాలు పోగొట్టుకోకండి.

పెద్దవాళ్ల విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. షుగరున్నవారికి గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. ఆయాసం, చెమటలు, వాంతి, ఉన్నట్టుండి నీరసం, అంతే కనిపిస్తుంది. గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకండి. రెండోది పక్షవాతం. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఆ లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి చెప్పండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. డాక్టరు మొదట అడిగేది ఆ టైమే.

డాక్టరు గదిలో రెండు నిమిషాలే దొరుకుతాయి. అమ్మ ఏమీ చెప్పదు, డాక్టరు ఏమీ వినడు. నేనేం చేయగలను?

అందరికన్నా ఎక్కువ ఉపయోగపడగలిగేది ఇక్కడే. దీనికి జవాబు కాస్త పెద్దది.

మా అమ్మ సంగతి చెప్తాను. ఒక ఆసుపత్రిలో ఆమెకు బీపీకి మాత్ర రాశారు. ఆర్నెల్ల తర్వాత వేరే ఊళ్లో ఇంకో ఆసుపత్రిలో బీపీ ఎక్కువుందని ఇంకో మాత్ర రాశారు. రంగు వేరు, పేరు వేరు, కంపెనీ వేరు. రెండూ వేయించాను. కాళ్లు వాచాయి. వాపుకు నీరు పోయే మాత్ర ఇచ్చారు. పది రోజులకు మనిషి తూలడం మొదలుపెట్టింది. పరగడుపున బాత్రూంలో పడింది. ఆ రాత్రంతా ఎప్పుడో పోయిన మా తాతను పిలుస్తూ మాట్లాడింది. "వయసు కదా, మతిమరుపు మొదలైంది" అన్నారు ఒక చోట. నేనూ నమ్మాను. చివరికి ఒక డాక్టరు మందుల సంచీ మొత్తం బల్ల మీద పోయమని, స్ట్రిప్పుల వెనక చిన్న అక్షరాలు చదివాడు. రెండు బీపీ మాత్రలూ ఒకటే మందు, ఆమ్లోడిపిన్. రెట్టింపు డోసు వల్ల కాళ్లు వాచాయి. వాపుకిచ్చిన మాత్ర వల్ల ఒంట్లో సోడియం పడిపోయింది. సోడియం పడిపోవడంతో అయోమయం వచ్చింది. ఒక మాత్ర ఆపించి, రెండోదాన్ని మార్పించి, సోడియం సరిచేశాక వారంలో అమ్మ అమ్మలా మాట్లాడింది. ఆ చిన్న అక్షరాలు ముందే చదివి ఉంటే ఆమె పడేది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

వెళ్లేటప్పుడు మందుల చీటీ కాదు, మందులే తీసుకెళ్లండి. ఆయుర్వేదం, హోమియో, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలు కూడా. ముఖ్యంగా నొప్పి బిళ్లలు. మన పెద్దవాళ్లు వాటిని మందుగా లెక్కపెట్టరు. కానీ వాటితో కిడ్నీలు పాడవగలవు. ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసుకోండి: ఏమైంది, ఎప్పటి నుంచి, ముందుకీ ఇప్పటికీ తేడా ఏమిటి. "నీరసంగా ఉంది" అంటే డాక్టరుకు ఏమీ అందదు. "పోయిన నెల దాకా గుడి దాకా నడిచేది, ఇప్పుడు గుమ్మం దాకా రాలేకపోతోంది" అంటే వెంటనే అందుతుంది.

అమ్మ బదులు మొత్తం మీరే మాట్లాడేయకండి. ముందు ఆమెను చెప్పనివ్వండి, మిగిలింది మీరు కలపండి. చెవుడుంటే మెషీన్ పెట్టించి తీసుకెళ్లండి. మూత్రం ఆగకపోవడం లాంటివి ఆమె కొడుకు ముందు చెప్పుకోలేకపోవచ్చు, ఒక నిమిషం బయటికి వెళ్లండి. లేచే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ మందు దేనికి? ఎన్నాళ్లు? పాతవాటిలో ఏది ఆపాలి? మూడోది ఎవరూ అడగరు. దానికి జవాబు చీటీ మీదే రాయించుకోండి.

నాన్న నిన్నటి నుంచి పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. వయసు వల్లేనా?

మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద వస్తుంది. నిన్న బాగుండి ఇవాళ అయోమయమైతే అది వయసు కాదు, లోపల ఏదో జరుగుతోంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సోడియం పడిపోవడం, షుగరు పడిపోవడం, కొత్త మందు, తలకు దెబ్బ, చివరికి నాలుగు రోజుల మలబద్ధకమైనా కావచ్చు. పెద్దవాళ్లకు జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదురుతుంది. అదే రోజు చూపించండి. "వయసు కదా" అన్నారంటే, "మొన్నటి దాకా పేపరు చదివేవారండీ" అని గట్టిగా చెప్పండి.

బిల్లు మొత్తం కట్టే దాకా పంపం అంటున్నారు. రిపోర్టులు కూడా ఇవ్వడం లేదు.

బిల్లు తగాదా పేరుతో రోగిని గానీ, చనిపోతే భౌతికకాయాన్ని గానీ ఆపకూడదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఈ మాట ఉంది. రికార్డులు అడిగితే డాక్టర్లు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. నోటితో కాకుండా కాగితం మీద రాసి అడగండి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి ఫిర్యాదు ఇవ్వవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఆస్తి రాయించుకున్నాక కొడుకులు మందులు కూడా కొనడం లేదు. ఈ వయసులో కోర్టుకు ఎక్కడికి వెళ్తాం?

కోర్టుకు కాదు, ఆర్డీవో దగ్గరికి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం పోషణ అంటే తిండి, బట్ట, నీడతో పాటు వైద్యం కూడా. ఆర్డీవో ట్రిబ్యునల్‌గా కూర్చుంటారు. తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే చాలు, లాయరు అక్కరలేదు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి. నెలకు 10 వేల రూపాయల దాకా ఇప్పించవచ్చు. కొడుకులే కాదు, కూతుళ్లు, మేజరైన మనవలు కూడా బాధ్యులు. పిల్లలు లేనివారికి, వారి ఆస్తి దక్కే బంధువులు బాధ్యులు. పెద్దవాళ్లు నడవలేకపోతే వారి తరఫున ఇంకొకరు ఇవ్వవచ్చు.

ఆస్తి సంగతికొస్తే, "నన్ను చూసుకోవాలి" అనే షరతుతో రాసిచ్చి, వాళ్లు చూడకపోతే, సెక్షన్ 23 కింద ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. అలాంటి కేసుల్లో ఇంటిని ఖాళీ చేయించి పెద్దవాళ్లకు అప్పగించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని సుప్రీంకోర్టు 2025 జనవరి 2న చెప్పింది. ఇంకా రాయనివాళ్లకు నా మాట ఒకటే. రాయాల్సి వస్తే ఆ షరతు దస్తావేజులో అక్షరాలా ఉండాలి. "మా వాడి మీద నమ్మకం లేదా" అని ఇంట్లో ఎవరు నొచ్చుకున్నా సరే.

చాలామంది తల్లులు అర్జీ మీద సంతకం దాకా వచ్చి ఆగిపోతారు. బిడ్డను బజారున పెట్టలేక. వాళ్లను బలవంతపెట్టకూడదు. ముందు 14567కి ఫోన్ చేయించండి. అది వయోవృద్ధుల హెల్ప్‌లైన్, ఎల్డర్ లైన్. దేశంలో మొదట హైదరాబాద్‌లోనే మొదలైంది. రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. వాళ్లు కుటుంబంతో మాట్లాడి చూస్తారు. అవసరమైతే మనిషిని పంపిస్తారు. దిగులు ఎక్కువగా ఉన్నవారికి 14416 టెలీ మానస్‌లో (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

మేం డల్లాస్‌లో ఉంటాం. అమ్మానాన్నలు గుంటూరులో. డబ్బు పంపగలం, రాలేం.

డబ్బుతో పాటు ఒక మనిషిని ఏర్పాటు చేయండి. తరఫు మనిషి ఎవరో ఇప్పుడే తేల్చుకోండి. మేనల్లుడో, పక్కింటివారో, జీతమిచ్చి పెట్టుకున్నవారో. వారి పేరు అమ్మానాన్నల చేత మీరే డాక్టరుకు చెప్పించండి. ఆధార్, కార్డులు, మందుల జాబితా, పాత రిపోర్టులు ఒక ఫైలులో ఇంట్లో, ఫోటోలుగా మీ ఫోన్‌లో ఉండాలి. ఆసుపత్రి రోజున వీడియో కాల్‌లో ఒక్కరే మాట్లాడండి. ముగ్గురు పిల్లలు మూడు దేశాల నుంచి డాక్టరును మూడు రకాలుగా అడిగితే అక్కడున్న మనిషి నలిగిపోతాడు.

65 దాటాక ప్రైవేటు ఇన్సూరెన్స్ ఇస్తారా?

2024 ఏప్రిల్ నుంచి వయసు పరిమితి తీసేశారు. ముందున్న జబ్బులకు డబ్బివ్వడాన్ని కంపెనీ మూడేళ్లకు మించి ఆపకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. ప్రీమియం మాత్రం ఎక్కువే. ఉన్న జబ్బులన్నీ దరఖాస్తులో రాయండి, దాచమని ఏజెంటు చెప్పినా వినకండి. క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకి, తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయండి. ఫీజు ఉండదు.

మంచాన పడ్డారు. ఆసుపత్రి వాళ్లు "ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. ఇక ఏమీ లేదా?

ఉంది. నయం కాకపోయినా నొప్పి తగ్గించవచ్చు, పుండ్లు పడకుండా చూడవచ్చు, ఆయాసం తగ్గించవచ్చు. ఆ వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉంది, తెలంగాణ జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇవ్వడాన్ని 2014లో చట్టం మార్చి తేలిక చేశారు. అడగండి. నొప్పితో అరుస్తున్న మనిషి పక్కన కూర్చుని, అలవాటు పడుతుందేమో అని భయపడకండి.

మంచాన ఉన్నవారికి సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీయించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద ఆసుపత్రిలో ముందుగా చూడాలని అడిగే హక్కు వస్తుంది. ఊళ్లో ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలకు చెప్పి ఉంచండి.

"నాకు గొట్టాలు పెట్టొద్దు" అని నాన్న అంటున్నారు. మేం ఏం చేయాలి?

వినండి. మాట మార్చకండి. ఆయన స్పృహలో ఉండగానే ఆ కోరికను కాగితం మీద పెట్టవచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుంది, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే చాలు. తను మాట్లాడలేని స్థితిలో తన తరఫున ఎవరు చెప్పాలో కూడా అందులో రాయవచ్చు. అది రాసి ఉంటే, ఐసీయూ బయట అన్నదమ్ములు ఆ నిర్ణయం కోసం కొట్టుకోనక్కరలేదు.

మా పక్కింట్లో ఒంటరి ముసలామె ఉంది. నేనెవరిని అడగడానికి?

పక్కింటివారు, అది చాలు. ఒక సాయంత్రం వెళ్లి ఆమె ఆధార్‌లో వయసు చూడండి. 70 నిండితే మీ ఫోన్‌లోనే కార్డు తీయండి. మందుల స్ట్రిప్పులు తిరగేసి చిన్న అక్షరాలు చదవండి. 108, 104, 14567 నంబర్లు పెద్ద అంకెలతో రాసి తలుపు వెనక అంటించండి, కింద మీ నంబరు కూడా. ఆమెకు వచ్చే అపాయింట్‌మెంట్ ఏ రోజో అడిగి, ఆ రోజు వెంట వెళ్లండి. "పేషెంటు తరఫున ఎవరున్నారు" అని కేకేసినప్పుడు "నేనున్నానండీ" అని లేవండి. ఆమె మీకేమవుతారని అక్కడ ఎవరూ అడగరు.